నర్సమ్మ పడుకుంది

హలో… ఆ, చెప్పండి. దయానిధినే మాట్లాడుతున్నాను.

ఎవరూ?… రాధిక గారా! సినిమా వాళ్లు కదూ. నిన్న మీ మెసేజ్ చూశానమ్మా. జవాబు టైపు చెయ్యడం మొదలుపెట్టాను, మధ్యలో కునుకు పట్టేసింది… లేదు లేదు, మాట్లాడొచ్చు. భోజనం కూడా అయింది.

'గారు' వద్దా? సరే, రాధికా అనే పిలుస్తాను. నువ్వు మాత్రం నన్ను లెజెండ్ అనకు. సరికి సరి.

పాట వెనక కథా?… దేనికి?… ఓ, సినిమా రాకముందు చిన్న వీడియో వదుల్తారా. అందులో, మీరు సినిమాలో పెట్టుకునే నా పాత పాట ఎలా పుట్టిందో చెబుతారా. మంచిదే. నీకు తొందర లేకపోతే చెప్తాను. నా పాటలే నిదానం అంటారు, నా మాటలు ఇంకా నిదానం.

రికార్డు చేసుకుంటావా? చేసుకో, చేసుకో.

తొంభై ఒకటి, ఆగస్టు పదకొండు. ఆదివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు, అందులోకి నిమ్మకాయ ఊరగాయ…

నవ్వకు. బాగానే ఉంటుంది. ఎప్పుడైనా తిని చూడు.

ఎందుకంటే స్టవ్ వెలిగించకూడదమ్మా. మాది పంపు స్టవ్, కిరసనాయిలుది. నువ్వు చూసి ఉండవు. వెలిగిస్తే బస్సు స్టార్ట్ చేసినట్టు ఉంటుంది. మడివాళలో మార్కెట్టు వెనకాల ఒకటే గది మాది. ఆ గదిలో మా ఆవిడ నిద్రపోతోంది.

అవును, మధ్యాహ్నమే. ఎవాంజెలిన్ నర్సు కదా. అప్పట్లో వరసగా నైట్ డ్యూటీలు వేసేవాళ్లు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే సగం నిద్ర.

నేనా? బొమ్మసంద్రలో ఒక పంపుల ఫ్యాక్టరీ. స్టోర్స్‌లో క్లర్కు. బి.కాం చదివి బోల్టులు లెక్కపెట్టేవాణ్ణి.

గిటారు అప్పటికే ఉంది. వాయించడమే రాదు. మూడు కార్డులు, అంటే తీగల మీద వేళ్లు పెట్టే పట్లు, మూడే తెలుసు. ఒకదాని నుంచి ఇంకోదానికి వేళ్లు మార్చడానికి నాకు చాలాసేపు పట్టేది. తరవాత పత్రికలవాళ్లు రాశారు చూడు, 'దయానిధి పాటలో ఒక అలవోకతనం ఉంటుంది, విరామం ఉంటుంది' అని. విరామం లేదు, పాడూ లేదు. వేళ్లు వెతుక్కుంటున్నాను.

గొంతు కూడా అంతే. అందరూ అంటారు, పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు పాడతాడని. మరి పక్కన మనిషి పడుకుని ఉంటే ఎలా పాడతారమ్మా? గొంతెత్తితే లేస్తుంది. లేస్తే మళ్లీ నిద్ర పట్టదు. మళ్లీ రాత్రికి డ్యూటీ. నా స్టైలు, స్టైలు అంటారే, అదంతా ఒక మనిషి నిద్ర.

ఆ… అది బాగుందా? రాసుకో మరి.

కానీ జోలపాట కాదు. అక్కడే అందరూ పొరబడతారు. ఆ రోజు నేను కోపంగా ఉన్నాను.

అవును, నేనే. నాక్కూడా కోపం వస్తుంది. గట్టిగా అరవలేక పాడాను, అంతే తేడా.

చెప్తాను. అంతకు ముందు ఆదివారం చర్చిలో జరిగింది. మా సంఘంలో క్రిస్టోఫర్ గారని పెద్దమనిషి ఉండేవారు. క్వయిర్, అదే చర్చిలో పాడే బృందం, ఆయన చేతిలోనే. ఎవాంజెలిన్ అందులో ఆల్టో పాడేది, ఆడవాళ్లలో కింది గొంతు. డ్యూటీ దిగి, యూనిఫాం మీద చీర చుట్టుకుని, తిన్నగా చర్చికే వచ్చేది. ప్రసంగం అయ్యేసరికి కళ్లు మూతలు పడేవి. అందరి ముందూ నిలబడి కదా పాడేది… ఆ, కనిపించేది, తల ఇలా వాలడం.

ఆయన ప్రకటనల్లో చదివేశారు. స్త్రీల సమాజం కూడిక బుధవారం, మందిరం శుభ్రం చెయ్యడం శనివారం, ఆరాధనలో కునుకు తీసే సోదరి వచ్చే వారం నుంచి క్వయిర్‌లో నిలబడనక్కర్లేదు. మూడూ ఒకే గొంతుతో.

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదుగా. అందరూ ఆవిడ వంకే చూశారు.

ఆవిడ ఆరాధన అయ్యేదాకా అక్కడే నిలబడింది. బస్సులో మాత్రం, 'నిజమే కదండీ, నిద్రపోయాను కదా' అంది. నాకు అదీ కోపమే. నిజమే కదా అని ఒప్పుకోవడం.

ఆ తరవాతి ఆదివారమే ఈ బ్రెడ్డు. చర్చికి రానంది. పడుకుంది. నేనూ వెళ్లలేదు. బయట కొళాయి దగ్గర ఆడవాళ్లు. వాళ్ల మాటలు గదిలోకి వినబడతాయి. 'రాత్రంతా పోయి తెల్లారినాక వస్తాది, పగలంతా పడుకుంటాది. ఏం డ్యూటీనో, ఏం నర్సమ్మో.' అలా ఉండేది వరస. నర్సమ్మ అనే మాటని మూతి తిప్పి అనేవాళ్లు.

అందరూ కాదులే. మా ఇంటి ఓనరమ్మ చిక్కమ్మ ఉంది చూశావా, ఆవిడ పెద్ద అరుపుల మనిషి. కానీ మా కిటికీ ముందు మాత్రం అరవదు. కూరల బండివాణ్ణి వీధి మొదట్లోనే ఆపేది. 'నిద్రపోతా ఉండాది అప్పా ఆ పాప, అవతల పోయి అరువు' అని. అది చెప్పడమేమో గట్టిగానే అరిచేది.

ఆ… నవ్వొచ్చేది. ఆవిడ అరుపుకి ఎవాంజెలిన్ ఏనాడూ లేవలేదు. స్టవ్‌కి లేచేది, చిక్కమ్మకి లేచేది కాదు.

ఆ కూరల బండి మీదే మొదలుపెట్టాను. పాడనా?… సరే, ఒకసారి. కొంచెం ఆగు, నీళ్లు తాగుతాను…

'మెల్లంగ పోవయ్య కూరల బండీ…
మా నర్సమ్మ పడుకుంది, పగలే రాత్రండీ…
ఊరంత నిద్దరోతే తాను మేలుకుందీ…
తాను నిద్దరోతే ఊరు నోరు మూయదండీ.'

ఆ. అంతే. నాలుగో లైను కోసమే మిగతా మూడూ.

మూతి తిప్పి అన్న మాటే తీసుకున్నాను. వాళ్ల నోట్లోంచి లాక్కుని పల్లవిలో కూర్చోబెట్టాను. అప్పుడు నా వయసు ఇరవై ఎనిమిది, అంతకంటే గొప్ప పోట్లాట నాకు చేతకాదు.

ఇంకా ఉంది కథ. తరవాతి ఆదివారం చర్చికి రమ్మని ఆవిణ్ణి బతిమాలాను. వచ్చింది, చిట్టచివరి బెంచీలో కూర్చుంది. మా దాంట్లో సాక్ష్యాల సమయం అని ఉంటుందమ్మా. ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చు. పాట కూడా పాడొచ్చు. నేను గిటారు పట్టుకుని లేచాను. క్రిస్టోఫర్ గారు నవ్వుతూ 'రండి బ్రదర్' అన్నారు.

భయమా? లేకేం. తల ఎత్తకుండా గిటారునే చూస్తూ మొదలుపెట్టాను.

మొదటి లైను పాడాను. కార్డు మార్చాలి. వేళ్లు వెతుక్కుంటున్నాను, ఆగాను. ఇక్కడ నీకొక సంగతి తెలియాలి. మా సంఘంలో కొత్త పాటంటే పుస్తకాలుండవు. ముందు ఒకళ్లు ఒక లైను పాడి ఆగుతారు, సంఘమంతా దాన్ని తిరిగి పాడుతుంది. పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఎవరైనా ఆగితే చాలు, నోరు దానంతట అదే లేస్తుంది.

నేను వేళ్ల కోసం ఆగాను. వాళ్లు తమ వంతనుకున్నారు.

మొత్తం చర్చి, రాధికా! 'మెల్లంగ పోవయ్య కూరల బండీ'… తబలాతో సహా!

నేను ఆపాలా? నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. రెండో లైను పాడాను. మళ్లీ ఆగాను, అదే వేళ్ల గోల. 'మా నర్సమ్మ పడుకుంది' అని మూడొందల మంది అన్నారు. క్రిస్టోఫర్ గారి నోరు కూడా కదిలింది, నేను చూశాను. 'పగలే' దాకా వచ్చి ఆగిపోయారు పాపం.

అప్పుడు ఎవరో వెనక్కి చూశారు. ఒకళ్లు చూస్తే అందరూ చూస్తారు కదా. చివరి బెంచీలో ఆవిడ నిజంగానే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని.

ఇంక చూడు… పాట మానలేదు, గొంతులు తగ్గాయి. ఎవరూ చెప్పలేదు. తబలా అతను చేతివేళ్లతో మాత్రం తట్టాడు. మూడో లైను, నాలుగో లైను… 'ఊరు నోరు మూయదండీ'… చర్చి మొత్తం గుసగుసగా పాడింది. మరియమ్మ గారని ముసలావిడ, ఎవాంజెలిన్ పక్కన కూర్చుంది. తల జారిపోతుంటే తన భుజం ఇచ్చింది. ఆరాధన అయి, అందరూ చెప్పులు వేసుకుంటున్నా మరియమ్మ గారు కదల్లేదు. కోడలు వచ్చి పిలిస్తే, చూపుడువేలు మూతి మీద పెట్టి చూపించింది.

వినలేదమ్మా. ఎవాంజెలిన్ ఒక్క ముక్క వినలేదు. తన పాట మొదటిసారి పాడినప్పుడు తను నిద్రలో ఉంది. ఇంటికెళ్లాక చెబితే నమ్మలేదు.

క్వయిర్‌లోకా?… తీసుకున్నారు. కూర్చుని పాడొచ్చన్నారు. అప్పటి నుంచి క్వయిర్‌కి కుర్చీలు వేశారు.

తరవాత దేవరాజు… నా ఫ్యాక్టరీ స్నేహితుడు, ఆనేకల్ మనిషి… వాడి టేప్‌రికార్డర్‌లో రికార్డు చేశాడు. ఆ క్యాసెట్టు నర్సుల హాస్టళ్లలో తిరిగింది. ఒకరి నుంచి ఒకరికి కాపీలు. నాకు పేరు వచ్చింది అక్కడే, అదే నా మొదటి పాట. ఇంకో నలభై పాటలు రాశాననుకో. జనం అడిగేది దీన్నే.

ఇదీ కథ. బాగా వచ్చిందా?… ఏమిటి?



…కథ ముందే రాసేశారా? ఎవరు రాశారు?… మరి నన్నెందుకు అడిగావు?… ఓ. నా గొంతుతో రెండు మాటలు కావాలి. ఆ రాసినదాని మధ్యలో పెట్టడానికి.

చదువు. పర్లేదు, చదువమ్మా.

'ప్రాణానికి ప్రాణమైన భార్యను పోగొట్టుకున్న గాయకుడు… ఆమె సమాధి పక్కన కూర్చుని… తెల్లవార్లూ…' ఆగు ఆగు. ఏ సమాధి?

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. పాట పుట్టి ముప్పై ఏళ్లు దాటింది. అప్పుడు నా పక్కన పడుకుని గురక పెడుతోంది! బతికున్న మనిషిని ముప్పై ఏళ్లు ముందుగా పాతిపెట్టేస్తారా?

సినిమాలో హీరోయిన్ చచ్చిపోతుంది, అందుకనా… మీ హీరోయిన్ని చంపుకోండి. మా ఆవిడ జోలికి రాకండి.

నిన్ను అనడం లేదు. నువ్వెందుకు సారీ చెబుతావు? ఇంకేమున్నాయి మార్పులు? ఉన్నవన్నీ చెప్పేయ్.

…మధ్యలో ఖాళీలు తీసేశారు. ఊఁ. వేగం పెంచారు. ఊఁ. నేను చిన్నవాణ్ణయితే అలాగే పాడేవాణ్ణేమో, అది మాట్లాడుకోవచ్చు. ఇంకా?

'నర్సమ్మ' బదులు?

…ఇంకోసారి అను.

'మా దొరసాని పడుకుంది.'

లేదమ్మా. కోపం లేదు. ఆలోచిస్తున్నాను. దొరసాని అయితే పగలు ఎందుకు పడుకుంటుంది? ఇష్టం కాబట్టి పడుకుంటుంది. ఊరు మెల్లగా ఎందుకు పోవాలి? దొరసాని కాబట్టి పోవాలి. ఇంక పాట దేనికి, చెప్పు. దండోరా వేయిస్తే సరిపోతుంది.

అనుమతా? ఈ రాత్రికే కావాలా?… రేపు పొద్దున రికార్డింగు. అర్థమైంది. ఫోన్లో సరే అంటే చాలా.

అనను.

వినబడిందా? సరే అనను, అంటున్నాను.

ఎవరికిస్తావు?… ఇవ్వు. మాట్లాడతాను.

నమస్తే, బాబూ… చైతు గారూ, మ్యూజిక్ మీదేనా? చిన్న ముక్క విన్నాను, మాటలు లేనిది, నిన్న రాధిక పంపింది. బాగుంది. నేనూ కుర్చీలో ఊగాను. కాకపోతే పడుకున్న మనిషి పక్కన ఆ డ్రమ్ములు ఏమిటా అనిపించింది.

చిన్నప్పటి నుంచీ నా అభిమానులా? సంతోషం బాబూ.

చెప్పండి. వింటున్నాను… ఊఁ… 'నర్సమ్మ' అంటే గ్లామర్ లేదు. ఊఁ… కుర్రాళ్లు నవ్వుతారు. ఊఁ… ఎవరైనా నొచ్చుకుంటారు కూడానా. ఎవరు? నర్సులా? బాబూ, ఈ పాటని ముప్పై ఏళ్లు బతికించింది వాళ్లు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని, తమ పాట అని పాడుకున్నారు. నొచ్చుకునేవాళ్లు అప్పుడే నొచ్చుకునేవాళ్లు.

కుర్రాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మా వీధిలో కూడా నవ్వారు.

ఒక్క మాటే కదా… అదే నేనూ అంటున్నాను. ఒక్క మాటే కదా, ఉంచండి.

నేను పాతకాలం మనిషినే. కాదని ఎవరన్నారు?

చూడండి బాబూ, మీకు మా ఆవిడ తెలియదు. తెలియక్కర్లేదు కూడా. రాత్రంతా నిలబడి, ఎవరెవరివో బెడ్‌పాన్లు ఎత్తి, చచ్చిపోతున్నవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునేది. పొద్దున అదే చేత్తో నాకు ఇడ్లీ పొట్లం తెచ్చేది, వేడిగా ఉండాలని చున్నీలో చుట్టి. చివర్లో తనే వార్డులో పడుకుంది. ఒకమ్మాయి, కొత్తగా డ్యూటీలో చేరిన పిల్ల, అందర్నీ బయటికి పంపే వేళకి నన్ను చూసీ చూడనట్టు ఊరుకుంది. పైగా కుర్చీ తెచ్చి వేసింది. ఆ పిల్లని నేను ఏమని పిలిచాననుకున్నారు? దొరసానీ అని కాదు.

…లేదు. సెంటిమెంటు కాదండీ. ఆ మాట మీద పోట్లాడి గెలిచాను ఒకసారి. గెలిచినదాన్ని మీకు ఎలా ఇచ్చేస్తాను?

డబ్బు సంగతి వదిలెయ్యండి. ఇందాకటి నుంచి నేను ఆ ఊసు ఎత్తానా?

ఆశ లేదా అంటే… ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? హాల్లో అంత పెద్ద తెర మీద నా పాట వినాలని నాకు ఉండదా? నిన్నంతా అదే ఊహించుకుంటూ కూర్చున్నాను. దేవరాజుకి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయాను. రేపు వాడు నన్ను ఏడిపించి చంపుతాడు. అయినా సరే.

ఇలాంటిదే ఇంకోటి రాయించుకుంటారా? రాయించుకోండి, ఎవరు వద్దన్నారు? కూరల బండి కాకుండా ఇంకేదైనా పెట్టుకోండి. మీ దొరసానిని మీ బండిలో తీసుకుపొండి.

మీరు లాయరు నోటీసుల మాట ఎత్తితే నేనూ ఒకణ్ణి వెతుక్కుంటాను. కానీ మీరు అంతదూరం వెళ్లరులెండి. గొంతు వింటే మంచివారిలాగే ఉన్నారు.

మొండివాణ్ణా?… ఇందాకటి దాకా లెజెండ్‌ని, ఇప్పుడు మొండివాణ్ణి. నిజం చెప్పనా, ఇదే నయంగా ఉంది.

ఉంటే ఆ మాటతో ఉంటుంది. లేకపోతే మీ సినిమాలో ఉండదు. మూడో దారి నాకు తెలియదు బాబూ.

సరే. నిర్మాత గారిని కనుక్కోండి. ఫోన్ పెట్టను, ఇక్కడే ఉంటాను…

…

ఆ… రాధికా, నువ్వా. ఏమన్నారు?

వద్దన్నారా.

…అలాగే. ఆయన డబ్బు పెట్టేవాడు, ఆయన ఇష్టం. నా పాట నా ఇష్టం. ఎవరిది వాళ్ల దగ్గర ఉంది. ఇందులో గొడవేముంది?

ఏడుస్తున్నావా ఏమిటి?… జలుబేనా, నిజంగా? నీ ఉద్యోగానికి ఏమీ కాదు కదా? అంతా నా మీద తోసెయ్. 'ముసలాయన వినలేదు సార్, మూర్ఖుడు సార్' అని చెప్పు. గట్టిగా చెప్పు. నాకేం నష్టం లేదు.

ఒక్క పని చేసిపెట్టు. ఆ రాసింది ఉందే, సమాధి పక్కన కూర్చున్నాననీ అదీ… పాటే లేనప్పుడు అది దేనికి? తీసెయ్యగలవా? నీ చేతిలో ఉందా?… ఎవర్నీ అడగక్కర్లేదా?

ఇప్పుడేనా? నేను వింటుండగానే?… ఊఁ.

టక్కుమంది. వినిపించింది. పోయిందా మొత్తం?

చల్లగా ఉండు తల్లీ.

నేను చెప్పింది రికార్డయింది కదా, అది నువ్వే ఉంచుకో. ఎవరికీ అక్కర్లేదులే… నీకు కావాలా? సరే, అయితే నీదే. ఎక్కడా వెయ్యకు, ఊరికే విను.

నాకేం బాధ లేదమ్మా. కొంచెం ఉంది. ఉంటుంది కదా. కానీ ఇప్పుడు లోపలికి వెళ్లి ఆవిడ ఫోటో ముందు నిలబడితే తల దించుకోనక్కర్లేదు. 'ఏమైందండీ' అంటే, 'ఏమీ లేదు, నీ పేరు మారుస్తామన్నారు, కుదరదన్నాను' అంటాను.

నువ్వు ఎలా వెళ్తావు? ఆటోనా? నంబరు ఎవరికైనా పంపించి ఎక్కు.

సరే మరి, నేనూ తలుపు వేసుకుంటాను… అబ్బే, కోపంతో కాదమ్మా. రాత్రయింది, అంతే… మెల్లగానే వేస్తున్నాను, వింటావా?… ఇదిగో… పడింది గడియ. వినబడలేదా?

అదే కావాలి. ఉంటాను.